ఒకే రాత్రి ఐదు గ్రామీలు: క్రిస్టఫర్ క్రాస్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ విడత సంగీత శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నీ అమెరికన్ గాయకుడు, గేయకర్త క్రిస్టఫర్ క్రాస్ చుట్టూనే తిరిగాయి. ఒకే విషయాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన ఉత్తరాలను కలిపి, ఒక్కో ప్రశ్నగా కుదించి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 1981లో క్రిస్టఫర్ క్రాస్ ఒకే రాత్రి ప్రధానమైన గ్రామీ అవార్డులన్నీ గెలుచుకున్నారని చదివాను. అందులో ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’, ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ రెండూ ‘సెయిలింగ్’ అనే ఒకే పాటకు వచ్చాయట. ఒకే పాటకు రెండుసార్లు బహుమతి ఎందుకు ఇచ్చారో దయచేసి వివరించండి.

జవాబు: మీరు చదివినది నిజమే. 1981 ఫిబ్రవరి 25న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో జరిగిన 23వ గ్రామీ ప్రదానోత్సవంలో, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని క్రాస్, తన మొదటి ఆల్బమ్‌తోనే ఐదు అవార్డులు అందుకున్నారు. ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, రికార్డ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్, ఉత్తమ నూతన కళాకారుడు అనే నాలుగింటిని గ్రామీల్లో పెద్ద అవార్డులుగా చెబుతారు. ఐదవది గాయకుడికి తోడుగా సాగే వాద్యాల కూర్పుకు ఇచ్చేది. దానిని క్రాస్, ఆయన ఆల్బమ్ నిర్మాత మైఖేల్ ఒమార్టియన్ కలిసి ‘సెయిలింగ్’కే పంచుకున్నారు.

ఇక మీ అసలు సందేహానికి వద్దాం. ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ రచనకు ఇచ్చే బహుమతి. అంటే సాహిత్యాన్నీ బాణీనీ సృష్టించినవారికి చెందుతుంది తప్ప ఎవరు పాడారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ ఆ రచన ధ్వనిముద్రణగా మన చెవికి చేరిన రూపానికి, అంటే గాత్రానికి, వాద్యాలకు, నిర్మాత తీసుకున్న నిర్ణయాలకు ఇచ్చేది. అందుకే పాడినవారు వేరు, రాసినవారు వేరు అయినప్పుడు ఈ రెండు బహుమతులు వేర్వేరు చేతుల్లోకి వెళతాయి. దీనికి చక్కటి ఉదాహరణ 2003లో కనిపిస్తుంది. పండిట్ రవిశంకర్ కుమార్తెగా మన పాఠకులకు బాగా తెలిసిన నోరా జోన్స్ ఆ ఏడాది ఆల్బమ్, రికార్డ్, నూతన కళాకారిణి అవార్డులు గెలుచుకున్నారు. నాలుగవదైన ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ మాత్రం, ఆమె పాడిన ‘డోంట్ నో వై’ పాటకే వచ్చినప్పటికీ, దానిని రాసిన జెస్సీ హ్యారిస్‌కు దక్కింది. తన పాటలు తానే రాసుకొని తానే పాడుకునే కళాకారుడు కావడం వల్లనే క్రాస్‌కు ఈ నాలుగూ ఒకే చోట కుదిరాయి. ఒకే రాత్రి ఆ నాలుగింటినీ మళ్లీ ఒకరు గెలవడానికి 2020 జనవరి వరకు ఆగవలసి వచ్చింది. అప్పుడు ఆ ఘనత సాధించిన వ్యక్తి బిల్లీ ఐలిష్.

ప్రశ్న: అంతకుముందు ఎవరికీ తెలియని మనిషి అంత హఠాత్తుగా ఎలా వెలుగులోకి వచ్చారు? ఆయన నేపథ్యం ఏమిటి?

జవాబు: హఠాత్తుగా అన్నది శ్రోతల వైపు నుంచి చూసినప్పుడు మాత్రమే నిజం. క్రాస్ 1951 మే 3న టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో జన్మించారు. అసలు పేరు క్రిస్టఫర్ చార్లెస్ గెపర్ట్. తండ్రి అమెరికా సైన్యంలో పిల్లల వైద్యుడు. 1970ల ఆరంభంలో క్రాస్ శాన్ ఆంటోనియోలో ‘ఫ్లాష్’ అనే బృందంలో ఉన్నారు. ఆ తరువాత ఆస్టిన్ నగరంలో ఇతరుల ప్రసిద్ధ గీతాలను వేదికలపై పాడే బృందాన్ని నడుపుతూ, దానితో వచ్చే ఆదాయంతో జీవిస్తూ, సొంత పాటలు రాసుకుంటూ, వాటి నమూనా ముద్రణలను రికార్డు సంస్థలకు పంపుతూ దశాబ్దమంతా గడిపారు. వార్నర్ బ్రదర్స్ సంస్థతో ఒప్పందం 1978లో కుదిరింది. ఆయన పేరుతోనే ఉన్న మొదటి ఆల్బమ్ 1979 డిసెంబరులో విడుదలైంది.

ఆ ఆల్బమ్‌లోని పాటలు ఏళ్ల తరబడి రాసి, దాచి, దిద్దుకున్నవి కావడం వల్ల, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకునే వ్యవధి ఆయనకు దొరికింది. దీనిని గుర్తుపెట్టుకోండి, తరువాతి ప్రశ్నలకు ఇది అవసరమవుతుంది.

మొదట విడుదలైన ‘రైడ్ లైక్ ద విండ్’ 1980 వసంతకాలంలో, అమెరికాలో పాటల ఆదరణను వారం వారం కొలిచే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో నాలుగు వారాలు రెండవ స్థానంలో నిలిచింది. బ్లాండీ బృందం పాడిన ‘కాల్ మీ’ మొదటి స్థానంలో ఉండిపోవడంతో దానిని దాటలేకపోయింది. మెక్సికో సరిహద్దు వైపు పారిపోయే ఒక నేరస్థుడు చెప్పుకునే కథ ఆ పాట. పల్లవిలో క్రాస్ సన్నని హెచ్చు స్థాయి గొంతుకు బదులిస్తూ వినిపించే బొంగురు కంఠం ‘డూబీ బ్రదర్స్’ బృంద గాయకుడు మైఖేల్ మెక్‌డొనాల్డ్‌ది. మధ్యలో వచ్చే గిటార్ క్రాస్ స్వయంగా వాయించినది. ఆయనను సుతిమెత్తని గాయకుడిగా మాత్రమే తలచుకునేవారు ఆ గిటార్ భాగాన్ని ఒకసారి శ్రద్ధగా వినాలని నా కోరిక. 1979లో మరణించిన ‘లిటిల్ ఫీట్’ బృంద నాయకుడు లోవెల్ జార్జ్‌కు ఆ పాటను అంకితమిచ్చారు.

ప్రశ్న: నేను కొంత సంగీతం నేర్చుకున్నాను. ‘సెయిలింగ్’ విన్నప్పుడు చాలా మామూలు పాటలా, కాస్త నిద్ర తెప్పించేలా అనిపించింది. ఇందులో అంత గొప్పతనం ఏముందని మీ అభిప్రాయం?

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఈ పాట తన నైపుణ్యాన్ని కావాలనే కనిపించకుండా దాచుకుంటుంది. యౌవనంలో మనశ్శాంతి కరువైన రోజుల్లో, వయసులో తనకంటే పెద్దవాడైన ఒక స్నేహితుడు తెరచాప పడవలో తీసుకువెళ్లేవాడనీ, నీటి మీద గడిపిన ఆ సమయమే తనకు ఊరటగా ఉండేదనీ, ఆ అనుభవం నుంచే ఈ పాట పుట్టిందనీ క్రాస్ చెప్పారు. అయితే అనుభవం నిజమైనంత మాత్రాన పాట మంచిదైపోదు. ఆ ఊరటను ధ్వనిలోకి ఎలా తెచ్చారన్నదే చూడవలసిన విషయం.

మొదట గిటార్‌ను వినండి. క్రాస్‌కు కెనడా గాయని, గేయకర్త జోనీ మిచెల్ అంటే ఎంతో ఆరాధన. గిటార్ తీగలను అందరూ పెట్టుకునే శ్రుతుల్లో కాకుండా పాటకు తగినట్టు వేరే శ్రుతుల్లో అమర్చుకోవడం ఆమె పద్ధతి, ‘సెయిలింగ్’లోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. దీని వల్ల, మామూలుగా వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోవలసిన స్వరాలు కొన్ని తీగ తెరిచి ఉండగానే మోగుతాయి, ఒక స్వరం ఆగకముందే మరొకటి వచ్చి దానిలో కలుస్తుంది, ఎక్కడా తెంపు వినిపించదు. మీకు నిద్రలా అనిపించినది బహుశా ఈ తెంపులేనితనమే అయి ఉంటుంది. అలల మీద పడవ సాగే భావనను, ఆ మాటను పలకడానికి ముందే, చెవికి చేరవేసే పని గిటార్ చేస్తోంది.

తరువాత వయొలిన్ల కూర్పు. ఇలాంటి పాటల్లో వయొలిన్లను గొంతు వెనుక దట్టంగా పరచి, భావోద్వేగాన్ని బలవంతంగా పెంచడం ఆ కాలంలో పరిపాటి. ఒమార్టియన్, క్రాస్ అలా చేయలేదు. గొంతు పలుకుతున్నంతసేపు అవి పక్కకు తప్పుకొని ఉంటాయి, గొంతు ఆగిన చోట ముందుకు వచ్చి ఆ ఖాళీని నింపుతాయి. ఐదవ గ్రామీ ఈ కూర్పుకే వచ్చిందని పైన చెప్పాను. ఐదింటిలోనూ ఏమాత్రం సందేహం లేకుండా సమర్థించగలిగినది నాకు అదే.

మూడవది ముద్రణ. ఆ ఆల్బమ్‌ను త్రీ ఎం సంస్థ తయారుచేసిన డిజిటల్ యంత్రం మీద ముద్రించారు. ఆ పద్ధతిలో వచ్చిన తొలి పాప్ ఆల్బమ్‌లలో అది ఒకటి. అప్పటి సాధారణ టేపుల్లో సంగీతం వెనుక ఒక సన్నని బుసలాంటి చప్పుడు ఎప్పుడూ ఉండేది. హోరుగా సాగే రాక్ పాటలో అది వినబడదు కానీ, ఇంత నెమ్మదిగా, ఇన్ని ఖాళీలతో సాగే పాటలో స్పష్టంగా వినబడుతుంది. డిజిటల్ ముద్రణలో ఆ చప్పుడు లేకపోవడంతో ఖాళీలు నిజంగా ఖాళీలుగా మిగిలాయి. వీలైతే మంచి హెడ్‌ఫోన్‌లతో, రాత్రిపూట, గిటార్‌నూ వయొలిన్లనూ విడివిడిగా గమనిస్తూ మరొకసారి వినండి. అప్పటికీ నచ్చకపోతే తప్పేమీ లేదు. కానీ మామూలు పాట అన్న అభిప్రాయం మాత్రం నిలబడదని నా నమ్మకం.

‘సెయిలింగ్’ 1980 ఆగస్టు చివరలో ఒక వారం పాటు మొదటి స్థానంలో నిలిచింది.

ప్రశ్న: అదే ఏడాది పింక్ ఫ్లాయిడ్ వారి ‘ద వాల్’ కూడా ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్‌కు పోటీలో ఉంది. దానిని కాదని క్రాస్‌కు ఇవ్వడం అన్యాయం కాదా?

జవాబు: ఆ ఏడాది పోటీలో ‘ద వాల్’ ఒక్కటే కాదు, బిల్లీ జోయెల్ ‘గ్లాస్ హౌసెస్’, బార్బ్రా స్ట్రైసాండ్ ‘గిల్టీ’, ఫ్రాంక్ సినాట్రా ‘ట్రిలజీ’ కూడా ఉన్నాయి. ఆల్బమ్‌ల జాబితాలో ‘ద వాల్’ 1980లో పదిహేను వారాలు మొదటి స్థానంలో ఉండగా, క్రాస్ ఆల్బమ్ ఆరవ స్థానాన్ని మించి పైకి వెళ్లలేదు. ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు ఒకే నిర్మాణంగా చూసి ఓటు వేయమంటే నేనైతే ‘ద వాల్’కే వేస్తాను. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. అయితే ‘సెయిలింగ్’కు వచ్చిన రికార్డ్ ఆఫ్ ద ఇయర్‌ను మాత్రం ఆక్షేపించను. అక్కడ పోటీలో ఉన్న పాటల్లో, గానం, కూర్పు, ముద్రణ మూడూ అంతగా ఒక్కటైనది మరొకటి లేదు.

గ్రామీలను ప్రజలు ఎన్నుకోరన్న సంగతి కూడా ఇక్కడ గమనించాలి. ఓటు వేసేది రికార్డింగ్ రంగంలో పనిచేసే సభ్యులు: గాయకులు, వాద్యకారులు, గేయకర్తలు, ముద్రణ నిపుణులు, నిర్మాతలు. క్రాస్ ఆల్బమ్‌లో ల్యారీ కార్ల్‌టన్, జే గ్రేడన్ వంటి లాస్ ఏంజెలస్ స్టూడియో కళాకారుల పనితనం అడుగడుగునా వినిపిస్తుంది. తమ వృత్తిలోని శ్రేష్ఠతను అంత శుభ్రంగా చూపిన ఆల్బమ్ వైపు ఆ వృత్తిలో ఉన్నవారు మొగ్గడం సహజమేనని నేను అనుకుంటాను. అలాగని వారు ‘ద వాల్’ను పూర్తిగా విస్మరించలేదు. శాస్త్రీయేతర సంగీతంలో ఉత్తమ ధ్వనిముద్రణకు ఇచ్చే గ్రామీని అదే రాత్రి ఆ ఆల్బమ్‌కే ఇచ్చారు.

ప్రశ్న: ‘ఆర్థర్స్ థీమ్’ పాటకు ఆస్కార్ నలుగురికి కలిపి ఇచ్చారు కదా. అందులో క్రాస్ పాత్ర ఎంత?

జవాబు: 1981లో డడ్లీ మూర్, లైజా మినెల్లీ నటించిన ‘ఆర్థర్’ చిత్రం కోసం ఆ పాటను క్రాస్, స్వరకర్త బర్ట్ బకరాక్, గేయరచయిత్రి కరోల్ బేయర్ సేగర్ కలిసి తయారుచేశారు. చంద్రుడికీ న్యూయార్క్ నగరానికీ మధ్య చిక్కుకున్నట్టు చెప్పే ప్రసిద్ధమైన పంక్తి మాత్రం గాయకుడు, గేయకర్త పీటర్ ఆలెన్‌ది. న్యూయార్క్ విమానాశ్రయం పైన విమానం దిగడానికి వీల్లేక ఆకాశంలో చక్కర్లు కొడుతున్నప్పుడు ఆయనకు ఆ మాట తట్టింది. సేగర్‌తో కలిసి అంతకుముందు రాసి విడుదల చేయని ఒక పాటలో దానిని వాడారు. ఆ పంక్తిని కొత్త పాటలోకి తీసుకున్నారు కనుక, ఆ కొత్త పాట రాసినప్పుడు గదిలో లేని ఆలెన్‌కు కూడా రచయితగా పేరు ఇచ్చారు. నలుగురూ 1982లో ఆస్కార్ అందుకున్నారు, గోల్డెన్ గ్లోబ్ కూడా ఆ పాటకే వచ్చింది. ఎవరి వాటా ఎంత అని కొలవడం ఇలాంటి ఉమ్మడి రచనల్లో కష్టం. బకరాక్ వంటి దిగ్గజంతో సమానంగా కూర్చొని పాట కట్టగలిగే స్థాయికి, మొదటి ఆల్బమ్ వచ్చిన రెండేళ్లలోపే క్రాస్ చేరుకున్నారన్నది మాత్రం నిర్వివాదం.

ప్రశ్న: ఎంటీవీ వచ్చాక, ఆకర్షణీయమైన రూపం లేకపోవడం వల్లనే క్రాస్ కనుమరుగయ్యారని అంటారు. ఇది నిజమేనా? అన్ని అవార్డులు ఒకేసారి రావడమే ఆయనకు శాపమైందా?

జవాబు: అన్నిటికంటే ఎక్కువ ఉత్తరాలు ఈ ప్రశ్నతోనే వచ్చాయి. క్రాస్ గురించి ఎక్కడ చదివినా ఈ కథే కనిపిస్తుంది. దానిలో కొంత నిజం ఉంది, కానీ తేదీలను వరుసగా పెట్టి చూస్తే కథ అంత తేలికగా నిలవదు.

పాటల వీడియోలను ప్రసారం చేసే టెలివిజన్ ఛానల్ ఎంటీవీ మొదలైనది 1981 ఆగస్టు 1న. ‘ఆర్థర్స్ థీమ్’ బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉన్నది ఆ ఏడాది అక్టోబరులో, అంటే ఎంటీవీ వచ్చిన తరువాతే. మరోవైపు, ఎంటీవీ పుట్టకముందే శ్రోతల అభిరుచి మారడం మొదలైంది. 1981 వేసవి అంతటా అమెరికా రేడియోను ఏలిన పాట కిమ్ కార్న్స్ పాడిన ‘బెట్టీ డేవిస్ ఐస్’. అది మే నెలలోనే మొదటి స్థానానికి చేరి, మొత్తం తొమ్మిది వారాలు ఆ స్థానంలో ఉంది. గరుకైన గొంతు, సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద కట్టిన ముదురు రంగు ధ్వని: ‘సెయిలింగ్’కు ఇది అన్ని విధాలా ఎదురుగా నిలబడే పాట. 1982 గ్రామీల్లో రికార్డ్, సాంగ్ రెండు విభాగాల్లోనూ ‘ఆర్థర్స్ థీమ్’ పోటీలో ఉండగా, రెండు అవార్డులూ ‘బెట్టీ డేవిస్ ఐస్’ గెలుచుకుంది. ఏడాది క్రితం క్రాస్‌ను నెత్తిన పెట్టుకున్న అదే ఓటర్లు, వీడియోల ప్రమేయం లేకుండానే, కొత్త ధ్వని వైపు తిరిగారని దీనివల్ల తెలుస్తోంది.

రూపం సంగతి కూడా చూద్దాం. మొదటి ఆల్బమ్ అట్ట మీద క్రాస్ ముఖానికి బదులు ఒక ఫ్లెమింగో కొంగ బొమ్మ ఉంటుంది. అదే ఆయనకు గుర్తుగా స్థిరపడింది. వీడియోల కాలంలో ముఖం తెలియని గాయకుడికి ఇబ్బంది తప్పదన్నది నేను ఒప్పుకుంటాను. కానీ అదే దశాబ్దంలో బ్రిటిష్ గాయకుడు, డ్రమ్స్ వాద్యకారుడు ఫిల్ కాలిన్స్ బట్టతలతో, మామూలు కోటుతో వీడియోల్లో కనిపించి, 1986లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీని అందుకున్నారు. కాలిన్స్ దగ్గర ఉండి క్రాస్ దగ్గర లేనిది అందమైన ముఖం కాదు, గోడలు అదిరేలా మోగే ఆ డ్రమ్ ధ్వని. 1981 నుంచి రేడియోను ఆక్రమించినది ఆ ధ్వనే. మెత్తటి పాటలకు ఆదరణ పోయిందని కూడా అనలేం, ఎందుకంటే 1985లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గెలిచిన లయనెల్ రిచీ మెత్తటి పాటలకు పెట్టింది పేరు. మారినది మెత్తదనాన్ని పలికించే తీరు. వయొలిన్లు, గిటార్లు ఉన్న చోట సింథసైజర్లు, యంత్రం కొట్టే తాళం వచ్చి చేరాయి.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. మొదటి ఆల్బమ్‌కు ఏళ్ల తరబడి రాసుకున్న పాటలు ఉన్నాయని పైన చెప్పాను. అవార్డులు, ఆస్కార్, కచేరీ యాత్రల నడుమ రెండవ ఆల్బమ్ ‘అనదర్ పేజ్’కు ఆ వెసులుబాటు లేదు. అది 1983 జనవరిలో వచ్చింది. 1982 చివరలో విడుదలైన మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆ సమయానికి జాబితాలను కమ్మేయడం మొదలుపెట్టింది, మొత్తం మీద ముప్పై ఏడు వారాలు మొదటి స్థానంలో ఉండిపోయింది. అంత పోటీ మధ్య కూడా ‘అనదర్ పేజ్’ పదకొండవ స్థానానికి చేరింది, అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది, అందులోని ‘ఆల్ రైట్’ పన్నెండవ స్థానం వరకు వెళ్లింది. మరొకరి విషయంలో అయితే దీనిని మంచి విజయమనే అంటారు. ఐదు గ్రామీలు తెచ్చిన ఆల్బమ్ పక్కన పెట్టి కొలిచినందుకే అది పతనంలా కనిపించింది. అవార్డులు శాపమయ్యాయా అని అడిగారు కదా, నేను ఒప్పుకోగలిగినది ఈ మేరకే: అవి ఆయన పాటను ఏమీ చేయలేదు, ఆ తరువాత వచ్చిన ప్రతి పాటనూ పోల్చి చూసే కొలబద్దను మాత్రం మార్చేశాయి.

అదే ఆల్బమ్‌లోని ‘థింక్ ఆఫ్ లారా’ 1984 ఆరంభంలో తొమ్మిదవ స్థానానికి చేరింది. దారి తప్పి వచ్చిన తూటాకు బలైన ఒక కళాశాల విద్యార్థిని స్మృతిలో క్రాస్ రాసిన పాట అది. లారా అనే పేరున్న తమ కథానాయిక కోసం ‘జనరల్ హాస్పిటల్’ అనే టెలివిజన్ ధారావాహిక దానిని వాడుకోవడంతో దేశమంతా మారుమోగింది. టెలివిజన్ వల్లనే క్రాస్ మరుగున పడ్డారనేవారు ఈ సంగతిని పక్కన పెట్టేస్తుంటారు. మొదటి పదిలోకి చేరిన ఆయన చివరి పాటను అక్కడికి చేర్చింది టెలివిజనే.

1985లో వచ్చిన మూడవ ఆల్బమ్ ‘ఎవ్రీ టర్న్ ఆఫ్ ద వరల్డ్’లో ఆయన గిటార్లను పెంచి, వేగం పెంచి, కాలానికి తగ్గట్టు గట్టిగా వినిపించే ప్రయత్నం చేశారు. ఆ ఆల్బమ్‌ను నేను ఇష్టంగా వినలేను. పాటలు బాగాలేవని కాదు గానీ, ఆయన గొంతుకు ఊపిరి ఆడే ఖాళీ అందులో లేదు. శ్రోతలు కూడా దానిని ఆదరించలేదు. 1988లో వచ్చిన ‘బ్యాక్ ఆఫ్ మై మైండ్’తో వార్నర్ సంస్థతో ఆయన అనుబంధం ముగిసింది.

ప్రశ్న: ‘యాట్ రాక్’ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. సాఫ్ట్ రాక్ కూడా అదేనా? క్రాస్ దీనిని ఒప్పుకుంటారా?

జవాబు: సాఫ్ట్ రాక్ అనేది విస్తృతమైన పేరు. రాక్ వాద్యాలనే వాడుతూ, శ్రావ్యమైన బాణీకి, సామరస్యంగా కలిసే గొంతులకు ప్రాధాన్యమిచ్చే పాటలన్నీ అందులోకి వస్తాయి. యాట్ (విలాస పడవ) రాక్ అన్న మాట ఆ సంగీతం పుట్టిన కాలంలో లేదు. 2005లో అదే పేరుతో ఇంటర్నెట్‌లో వచ్చిన ఒక హాస్య ధారావాహిక దానిని ప్రచారంలోకి తెచ్చింది. సుమారు 1976 నుంచి 1984 వరకు లాస్ ఏంజెలస్ స్టూడియోలలో తయారైన, జాజ్, సోల్ ఛాయలున్న నునుపైన సాఫ్ట్ రాక్‌కు ఇప్పుడు ఆ పేరు స్థిరపడింది. మొదట్లో వెక్కిరింపుగా పుట్టిన ఆ మాట వల్ల, 1980 నాటికి పుట్టనివారు కూడా ఈ పాటలను వెతుక్కొని వినడం మొదలుపెట్టారు. 2024లో ఈ సంగీతంపై హెచ్‌బీఓ ప్రసారం చేసిన డాక్యుమెంటరీలో క్రాస్ కూడా కనిపించి మాట్లాడారు. జపాన్‌లో మాత్రం ఈ తరహా సంగీతానికి ముందు నుంచీ ఏఓఆర్ (అడల్ట్ ఓరియెంటెడ్ రాక్) అనే పేరుతో గౌరవప్రదమైన స్థానమే ఉంది.

ప్రశ్న: ఆయన ఇప్పటికీ పాడుతున్నారా? కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాడుతున్నారు. వార్నర్‌ను విడిచిన తరువాత కూడా ‘రాందేవూ’ (1992), ‘విండో’ (1994), ‘వాకింగ్ ఇన్ అవలాన్’ (1998), ‘డాక్టర్ ఫెయిత్’ (2011), ‘సీక్రెట్ లాడర్’ (2014), ‘టేక్ మీ యాజ్ ఐ యామ్’ (2017) వంటి ఆల్బమ్‌లు తెచ్చారు. పెద్ద సంస్థల ప్రచారం లేకపోవడం వల్ల ఇవి చాలామందికి చేరలేదు. 2020లో కోవిడ్ సోకిన తరువాత ఆయనకు గియాన్ బారే సిండ్రోమ్ వచ్చింది. శరీర రక్షణ వ్యవస్థే నరాలపై దాడి చేసే ఈ వ్యాధి వల్ల కొంతకాలం నడవలేని స్థితికి చేరారు. మొదటి ఆల్బమ్‌కు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా తలపెట్టిన కచేరీలు వాయిదా పడ్డాయి. ఆ తరువాత కోలుకొని మళ్లీ వేదిక ఎక్కి పాడటం, ఆ వయసులో, అంతటి జబ్బు నుంచి లేచి, ఎంత పట్టుదల కావలసిన పనో గిటార్ వాయించేవారికి మరింత బాగా తెలుస్తుంది.

కొత్తవారు మొదటి ఆల్బమ్‌ను విడివిడి పాటలుగా కాకుండా వరుసగా వినడం మంచిది. ‘సెయిలింగ్’, ‘రైడ్ లైక్ ద విండ్’ ఎంత భిన్నమైన పాటలో పక్కపక్కన విన్నప్పుడే తెలుస్తుంది. నికొలెట్ లార్సన్ గొంతు కలిపిన ‘సే యూ విల్ బీ మైన్’ను దాటవేయకండి. తరువాత ‘ఆర్థర్స్ థీమ్’, ‘ఆల్ రైట్’, ‘థింక్ ఆఫ్ లారా’ వినండి. ఆ పైన నేరుగా ‘డాక్టర్ ఫెయిత్’కు వెళితే, అరవై ఏళ్ల వయసులో ఆయన గేయరచన ఎంత నిలకడగా ఉందో గమనించవచ్చు. ఇతరులు పాడిన రూపాల మీద ఆసక్తి ఉన్నవారు ‘సెయిలింగ్’ను ఎన్‌సింక్ బృందం 1998లో పాడిన తీరును, ‘రైడ్ లైక్ ద విండ్’ను బ్రిటిష్ హెవీ మెటల్ బృందం శాక్సన్ 1988లో పాడిన తీరును వెతకండి. శాక్సన్ రూపంలో మెక్‌డొనాల్డ్ గొంతు ఉండదు, స్టూడియో నునుపు ఉండదు, అయినా ఆ పరుగు మొదటి రికార్డులో ఉన్నంత వేడిగానే ఉంటుంది.